పైనుంచే ప్రాబ్లం

దుబాయ్‌ నుంచి వచ్చిన మా బావ ఎల్‌బీ నగర్‌లో పుష్పక్‌ బస్సు దిగుతూనే దుబాయ్‌ సెన్సార్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. 2022లో ‘సీతారామం’ ఇక్కడ ఆగస్టు 5న వస్తే, అక్కడ ముందు వద్దన్నారు. 11న గానీ బొమ్మ పడలేదు. ‘‘ఆరు దినాలు ఆగినం బామ్మర్దీ!’’

ఆరు రోజులకే ఇంత ఏడుపా? పక్కనున్న సౌదీలో ముప్పై అయిదేళ్లు సినిమా హాలే లేదు. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో హాలు తెరిచారు. ఆ సెప్టెంబరులోనే మన ఎల్‌బీ నగర్‌కు మెట్రో వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దాని స్తంభాలు చూడండి, ఎవరూ కత్తెర వెయ్యని మీడియా అదొక్కటే. ఒకే ర్యాంకు పిల్లాడు నాలుగు కోచింగ్‌ సెంటర్ల పోస్టర్లలో నవ్వుతుంటాడు.

‘‘మీకేంది, బ్యాన్లు లేవు’’ అన్నాడు బావ.

లేవు మరి. 2014 జూన్‌లో, తెలంగాణకు బారసాల ఈడు కూడా రాకముందే, టీవీ9లో కొత్త ఎమ్మెల్యేల మీద వెటకారం వచ్చింది. (వెటకారం రాసుకు బతికేవాణ్ని, ఈ ముక్క కాస్త మెల్లగా చెబుతున్నాను.) అంతే, టీవీ9, ఏబీఎన్‌ ఆంధ్రజ్యోతి కేబుల్‌లోంచి మాయం. సర్కారు ఆపిందా? అబ్బే, కేబుల్‌ వాళ్లే మనసు నొచ్చుకుని ఆపారట. 1995 నాటి కేబుల్‌ చట్టం కింద ఆపాలంటే ఉత్తర్వు కావాలి, దాని కింద సంతకం కావాలి. మనసు నొచ్చుకోవడానికి సంతకంతో పనేముంది?

ఏబీఎన్‌ నెలల తరబడి కనపడలేదు. ఆ ఏడాదే సెప్టెంబరు 9న వరంగల్‌లో కాళోజీ శతజయంతి. ధిక్కారానికి మారుపేరైన కవి పేరిట కళాక్షేత్రానికి శంకుస్థాపన. ఆ వేదిక మీదే ముఖ్యమంత్రి కేసీఆర్‌, తెలంగాణను కించపరిచే మీడియాను పది కిలోమీటర్ల లోతున పాతిపెడతామన్నారు. శంకుస్థాపన కదా, గొయ్యి ఎలాగూ తవ్వే ఉంటుంది.

దుబాయ్‌లో వద్దన్నవాడికి ఆఫీసుంది, ముద్ర ఉంది. వెళ్లి తిట్టకపోయినా, ఎవణ్ని తిట్టాలో బావకు తెలుసు. నాకు మాత్రం మా గల్లీ కేబుల్‌ కుర్రాడే దిక్కయ్యాడు.

‘‘చానెల్‌ రావట్లేదేం?’’

‘‘పైనుంచే ప్రాబ్లం సార్‌.’’

‘‘పైనుంచి అంటే శాటిలైటా?’’

వాడు ఆకాశం వంక చూడలేదు. సెక్రటేరియట్‌ ఉన్న వైపు చూశాడు.

ఆ నెల బిల్లు మాత్రం పూర్తిగా తీసుకుపోయాడు.