నిఫ్టీ పడితే నష్టం మాది!

ఖమ్మంలో కొత్త దాతలు బయల్దేరారు. షేర్ల సూచీ నిఫ్టీ పడిపోతే ఆ నష్టం మేం భరిస్తామని బొంబాయి వాళ్లకు పూచీ రాసిస్తున్నారు. దీని పేరు పుట్ అమ్మడం. అందుకు చేతికొచ్చే నాలుగు రాళ్లు ప్రీమియం. వైరా రోడ్డు టీకొట్ల దగ్గర దీన్ని 'కిరాయి' అంటున్నారు. ఇల్లు లేదు, అందులో ఉండేవాడూ లేడు. కిరాయి మాత్రం గురువారం గురువారం పడిపోతుందట. ఆప్షన్ల గడువు మంగళవారానికి మారింది లెండి, ధీమా మారలేదు.

భద్రాచలం వాళ్లకు ఈ వ్యాపారం విడమర్చి చెప్పనక్కర్లేదు. గోదావరి 43 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎండాకాలంలో కరకట్ట మీద నిలబడి, "నీళ్లు 53 దాటితే మీ ఇంటి నష్టం నాది, వారానికి వంద ఇవ్వండి" అన్నవాడు వానలొచ్చేదాకా మహా తెలివైనవాడే. 2022 జులైలో నది 71 అడుగులు దాటింది. నిఫ్టీకి ఆ వరద 2024 జూన్ 4న, లోక్‌సభ ఓట్ల లెక్కింపు నాడు వచ్చింది. ఒక్కరోజులో దాదాపు 6 శాతం ఊడ్చుకుపోయింది. నదికైతే మూడు హెచ్చరికలు. ఇక్కడ వచ్చేది మార్జిన్, అంటే పూచీ సొమ్ము, కట్టమనే మెసేజ్ ఒక్కటే. కట్టకపోతే బ్రోకరే ఆ పుట్‌ను అప్పటి ధరకు తిరిగి కొనేసి లెక్క తేల్చేస్తాడు.

ఇంకాస్త పెద్దమనుషులు కవర్డ్ కాల్ అంటారు. ఉన్న షేర్లను ఫలానా ధరకు ఇచ్చేస్తానని ముందే మాట అమ్ముకోవడం. ఆ ధర దాటి పెరిగిందంతా కొన్నవాడిది. పడితే, ప్రీమియం పోను మిగతా ఏడుపు మనది. పైగా పది షేర్లతో కుదిరే పని కాదు. లాట్ మొత్తం, అంటే ఒక ఒప్పందానికి నిర్ణయించిన షేర్లన్నీ, చేతిలో ఉండాలి, అది లక్షల మాట.

2024 మార్చితో ముగిసిన మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, పోయింది 1.8 లక్షల కోట్ల పైమాటేనని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ లెక్క తేల్చింది. అదంతా కొనేవాళ్ల గోల అంటారు మనవాళ్లు. ఆ లెక్కలో అమ్మినవాళ్లూ ఉన్నారు. 2023-24లో సొంత డబ్బుతో ఆడే పెద్ద సంస్థలకు ఖర్చులు తీయకముందు 33 వేల కోట్లు, విదేశీ మదుపరులకు 28 వేల కోట్లు మిగిలాయి. వాళ్ల లాభంలో సింహభాగం కంప్యూటర్లు చేసిన బేరాలదే. ఆ యంత్రాలకు ఎదురుగా మన దాత, చేతిలో ఫోను, పక్కన టీ గ్లాసు.

ఇంతకీ పూచీ కావాల్సినవాడు ఊళ్లోనే ఉన్నాడు. అంతకు ముందటేడు పది వేలు దాటిన క్వింటా మిర్చి మూడు నాలుగు వేలకు పడితే, 2017 ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతులు మార్కెట్ ఆఫీసు మీద పడ్డారు. వాళ్లకు పుట్ రాసిచ్చినవాడు లేడు. కేసులు మాత్రం రాశారు, బేడీలేసి కోర్టుకు తెచ్చారు.

తేజ మిర్చి ధరకు ఓ పుట్ రాసిస్తావా అని మన దాతను అడిగి చూడండి.

"మిర్చికా? అమ్మో, రిస్కు సార్!"