పాత వాల్వు ఆంప్‌కి తగని ప్రీ ఆంప్‌ను చవగ్గా కొనడం ఎలా?

అరవై ఏళ్లు దాటిన వాల్వు ఆంప్లిఫయర్ ఒకటి మీ ఇంటికి చేరిందనుకుందాం. న్యూజెర్సీలో ఎవరో గరాజ్ ఖాళీ చేస్తుంటే మీ బావమరిది బేరమాడి పట్టుకొచ్చిన డైనకో స్టీరియో 70 కావచ్చు. లండన్‌లో ఇల్లు ఎత్తేసి వచ్చిన పెద్దాయన సామాన్లలో దొరికిన లీక్ స్టీరియో 20 కావచ్చు. దానికి వాల్యూమ్ నాబ్ ఉండదు, ఏ ప్లేయర్ వినాలో ఎంచుకునే స్విచ్చూ ఉండదు. అది ఒట్టి పవర్ ఆంప్. కాబట్టి ముందొక ప్రీ ఆంప్ కావాలి, అదీ జేబుకి చిల్లు పడకుండా.

ఈ విషయంలో దారి చూపేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల మాట వింటే పని ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది, డబ్బులు మిగులుతాయి, ఇక చేసేదేమీ లేక మీరు కూర్చుని పాటలు వినాల్సి వస్తుంది. హాబీ అన్నాక అంత త్వరగా ముగిసిపోకూడదు. అందుకే ఈ సలహాలు.

మొట్టమొదట, ఆంప్ మాన్యువల్ తెరవకండి. తెరిస్తే 'సెన్సిటివిటీ' అనే చోట ఒక చిన్న అంకె కంటపడుతుంది. పూర్తి శక్తితో మోగడానికి ఆంప్‌కి ఎంత సిగ్నల్ ఇవ్వాలో చెప్పే అంకె అది. డేవిడ్ హాఫ్లర్ కంపెనీ డైనకో 1959లో కిట్ రూపంలో వదిలిన స్టీరియో 70కి 1.3 వోల్టులు ఇస్తే ఛానల్‌కి 35 వాట్లు పలుకుతుంది. లీక్ స్టీరియో 20కి 125 మిల్లీవోల్టులు చాలు, దాని పది వాట్లూ అది ఇచ్చేస్తుంది. అంటే పదింతల తేడా. ఒకదానికి అతికినట్టు సరిపోయే ప్రీ ఆంప్ రెండోదాని దగ్గర నోరు పారేసుకుంటుంది. ఈ సంగతి తెలిసిన మనిషికి షాపువాడు ఏదీ అంటగట్టలేడు. అమ్ముకునేవాళ్ల పొట్ట కొట్టడం మనకెందుకు?

షాపులో ఒకే ప్రశ్న అడగండి: "అన్నా, గెయిన్ ఎంత?" "ఇరవై ఆరు డీబీ సార్, ఈ రేటుకి ఇంతకు మించి రాదు" అంటాడు. తీసేసుకోండి. 26 డెసిబెల్స్ అంటే లోపలికి వెళ్లిన వోల్టేజీ ఇరవై రెట్లై బయటికొస్తుంది. పాత ట్యూనర్లు, టేప్ రికార్డర్లు, పికప్‌లు ఇచ్చే సిగ్నల్ బలహీనం కాబట్టి అప్పటి ప్రీ ఆంప్‌లకి పెంచే పని ఉండేది. ఇప్పటి సీడీ ప్లేయర్ 2 వోల్టులు ఇస్తుంది. మామూలు గదిలో, మామూలు స్పీకర్లతో, పక్కింటివాళ్లు తలుపు తట్టకుండా వినేటప్పుడు సగటున ఒక్క వాటు కూడా ఖర్చు కాదు. ఆ ఒక్క వాటుకి స్టీరియో 70 అడిగేది దాదాపు 0.22 వోల్టు. లీక్ అడిగేది 40 మిల్లీవోల్టులు. చేతిలో ఉన్నది 2 వోల్టులు, లీక్‌కి కావాల్సింది అందులో యాభయ్యో వంతు. సరిగ్గా ఇలాంటి చోటే ఇరవై రెట్లు పెంచే పెట్టె కొనాలి.

ఆ తర్వాతి వైభవాన్ని తీరిగ్గా అనుభవించండి. నాబ్ గడియారంలో ఏడు గంటల దగ్గర మొదలవుతుంది. ఎనిమిదికి చేరేలోపే ఇల్లు దద్దరిల్లుతుంది. అక్కణ్నుంచి అయిదు గంటల దాకా ఉన్న చుట్టంతా అలంకారమే. వినదగిన శబ్దమంతా గోరంత కదలికలో ఇరుక్కుంటుంది. స్టీరియో వాల్యూమ్ కంట్రోల్ అంటే ఒకే ఇరుసు మీద రెండు రెసిస్టెన్స్ పట్టాలు, ఎడమకొకటి, కుడికొకటి. చవక రకాల్లో ఆ రెండూ కలిసి నడవనిది ముఖ్యంగా ఆ మొదటి గోరంతలోనే. ఘంటసాల పాత పాట పెట్టి చూడండి. మోనో రికార్డింగ్ కాబట్టి గొంతు రెండు స్పీకర్ల నడిమధ్య నుంచి రావాలి. మీ గదిలో మాత్రం ఆయన ఎడమ స్పీకర్ పక్కకు వెళ్లి నిలబడి పాడతారు. మధ్యకు రప్పిద్దామని నాబ్ ఇంకొంచెం తిప్పారా, మధ్యకైతే వస్తారు గానీ అప్పటికి అపార్ట్‌మెంట్ సెక్రటరీ కూడా మీ గుమ్మంలోకి వచ్చేసి ఉంటాడు. పాట ఆపినా స్పీకర్లో 'స్స్స్' అంటూ సన్నటి రొద మిగులుతుంది. అది నాబ్ దాటాక వచ్చే దశలో పుట్టిన రొద, నాబ్ సున్నాకి తెచ్చినా తగ్గదు. దాన్ని వాల్వుల వెచ్చదనం అని చెప్పుకోండి, ఎవరూ మారు మాట్లాడరు.

ఆంప్ ఇన్‌పుట్ దగ్గర ఛానల్‌కి రెండు రెసిస్టర్లు వేసి 20 డెసిబెల్స్ దించేస్తే ఈ గొడవంతా పోతుందని ఎవడో చెబుతాడు. ఆ రెసిస్టర్లన్నీ కలిపినా ఒక టీ ఖరీదు కాదు. టీ తాగండి.

పాసివ్ ప్రీ ఆంప్ అనే మాట ఎవరైనా ఎత్తితే అక్కణ్నుంచి లేచిపోండి. ఒక అల్యూమినియం డబ్బా, 10 కిలోఓమ్‌ల స్టీరియో లాగ్ పాట్ (అదే, వాల్యూమ్ కంట్రోల్) ఒకటి, కాసిని ఆర్‌సీఏ సాకెట్లు, ఒక సెలెక్టర్ స్విచ్చు. కోఠిలో గుజరాతీ గల్లీ ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తే సామానంతా సంచీలో పడుతుంది. కరెంటు అక్కర్లేదు, గెయిన్ లేదు, రొద లేదు. వెనకాల ఉన్నదాని ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ముందున్నదాని అవుట్‌పుట్‌కి కనీసం పదింతలు ఉండాలంటారు. డైనకోది 470 కిలోఓమ్‌లు కాబట్టి ఆ షరతు ఎప్పుడో తీరిపోయింది. దీంతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, అది పనిచేస్తుంది. ఒట్టి డబ్బాని నలుగురికీ చూపించి ఏమని గొప్పలు పోతాం?

తప్పదనుకుంటే కనీసం చెడగొట్టే వీలుంది. 10కి బదులు 100 కిలోఓమ్‌ల పాట్ అడగండి. అది సగం దగ్గర ఉన్నప్పుడు దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 25 కిలోఓమ్‌ల దాకా వెళ్తుంది. అక్కణ్నుంచి ఆంప్ దాకా అయిదు మీటర్ల కేబుల్ లాగండి. మీటరుకి సుమారు 100 పికోఫారడ్‌ల చొప్పున 500 పోగవుతాయి. రెండూ కలిసి 13 కిలోహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికే పై స్వరాలకు కత్తెర వేస్తాయి. తాళాల మెరుపు మొద్దుబారుతుంది. అప్పుడు "పాసివ్‌లో జీవం ఉండదండీ" అని పెదవి విరవండి. అర మీటరు వైరుతో విన్నవాడు మీతో వాదించడానికి వస్తే ఇంట్లో లేనని చెప్పించండి.

వస్తువు చూడ్డానికి బాగుండాలి, ఇది ముఖ్యం. బొటనవేలంత వాల్వులు రెండు బయటికి కనపడేలా బిగించిన చిన్న చిన్న ప్రీ ఆంప్‌లు ఆన్‌లైన్లో వస్తాయి. వాటిలో చాలావాటికి 6జే1 రకం చైనా వాల్వులు, గోడకి పెట్టుకునే 12 వోల్టుల అడాప్టర్ ఉంటాయి. చీకట్లో కమలాపండు రంగులో ధగధగలాడుతాయి. దగ్గరికెళ్లి వంగి చూడకండి. చూస్తే వాల్వు సాకెట్ మధ్య రంధ్రంలోంచి తొంగిచూసే ఎల్‌ఈడీ కనపడుతుంది, వెలుగంతా దానిదే. అసలు ఫిలమెంట్ పాపం దాని పక్కన మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. వంద వోల్టులకు పైన పనిచేయాల్సిన వాల్వుకి ఈ పెట్టెలో దక్కేది అందులో చిన్న ముక్క. అయినా వాల్వు ఆంప్‌కి వాల్వు ప్రీ ఆంపే జోడు అని ఎక్కడో విన్నారు కదా, ఆ మాట పట్టుకు వేలాడండి. మంచి ట్రాన్సిస్టర్ ప్రీ ఆంప్ తగిలిస్తే మీ డైనకోకి తేడా కూడా తెలియదు. మీరు దానికి చెప్పకుండా ఉంటే చాలు.

రెండు ప్రీ ఆంప్‌లు పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలనిపిస్తే నిక్షేపంగా పోల్చండి, కానీ శబ్దం సమానం చేయకండి. ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగున్నట్టు చెవి తీర్పు చెప్పేస్తుంది. షాపువాళ్లకి ఈ విద్య పుట్టుకతో వస్తుంది. ఒకే టెస్ట్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజీ చూసి రెంటినీ సమం చేశాక వింటే, అయిదు వేల పెట్టెకీ యాభై వేల పెట్టెకీ మధ్య మీరు కవిత్వం రాయదగినంత తేడా మిగలకపోవచ్చు. అంత నష్టం ఎందుకు తెచ్చుకోవాలి?

కంపెనీ జోడీని వెతకడం ఇంకో దారి. స్టీరియో 70కి డైనకో వాళ్లదే పాస్-3 ఉంది. లీక్‌కి పాయింట్ వన్ స్టీరియో, క్వాడ్ 2కి క్యూసీ 22. వీటిలో బాగా పాడేవి కూడా ఉన్నాయి కాబట్టి ఎంపికలో జాగ్రత్త అవసరం. కండెన్సర్లన్నీ మార్చామని చెప్పే మెకానిక్‌ని నమ్మకండి. "ముప్పై ఏళ్లుగా అటక మీదే ఉంది, ఎవరూ చెయ్యి పెట్టలేదు" అన్నవాడి దగ్గర కొనండి. అప్పటి కాగితపు కండెన్సర్లు ఈపాటికి డీసీని కారుస్తుంటాయి, ఎలక్ట్రోలిటిక్‌లు ఎండిపోయి ఉంటాయి. ఇంటికి తెచ్చి నేరుగా ప్లగ్గులో పెట్టండి. డైనకో అయితే అమెరికా సరుకు కదా, పిన్నులు బల్లపరుపుగా ఉంటాయి. ఎలక్ట్రికల్ షాపులో ట్రావెల్ అడాప్టర్ తెచ్చి తగిలిస్తే మన సాకెట్లో చక్కగా దూరుతుంది. అది మార్చేది పిన్ను ఆకారాన్నే, వోల్టేజీని కాదు. 117 వోల్టుల కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కి మన 230 అందుతుంది. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నవాళ్లకి ఆ వాసన చూసే భాగ్యం లేదు.

క్వాడ్ 2 ఉన్నవాళ్లకి ప్రత్యేక సౌకర్యం. 1953 నాటి ఆ ఆంప్‌లో ఆర్‌సీఏ ఇన్‌పుట్ లేదు, ఆరు పిన్నుల జోన్స్ సాకెట్ ఉంది. పాట లోపలికి వెళ్లేదీ, క్వాడ్ ప్రీ ఆంప్‌కి కరెంటు బయటికి వచ్చేదీ అందులోంచే. అంటే 300 వోల్టులకు పైగా ఉన్న పిన్నూ, సిగ్నల్ పిన్నూ ఒకే సాకెట్లో కాపురం. సర్క్యూట్ బొమ్మ చూడకుండా ఏ పిన్ను ఏదో ఊహించి టంకం పెట్టండి. తప్పు పిన్ను తగిలితే మీ కొత్త ప్రీ ఆంప్ అవుట్‌పుట్ 300 వోల్టుల రుచి చూస్తుంది, ఒకే ఒక్కసారి.

రికార్డ్ ప్లేయర్ కూడా ఉందా? దాని మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టులో, అంతకన్నా తక్కువో. పైగా రికార్డు మీద కింది స్వరాలను తగ్గించి, పై స్వరాలను పెంచి చెక్కుతారు. 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ లెక్క ప్రకారం ఫోనో దశ దాన్ని తిరగేసి 20 హెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్ దాకా పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర అంతే దించాలి. కాబట్టి ఫోనో లేని ప్రీ ఆంప్ కొని, వైరు ఆక్స్‌లో గుచ్చండి. మృదంగం పోయి కంజీర మిగులుతుంది. లేదా ఫోనో దశ లోపలే ఉన్న కొత్త ప్లేయర్ కొని, దాన్ని మళ్లీ ప్రీ ఆంప్ ఫోనో ఇన్‌పుట్‌లోనే పెట్టండి. బాస్ ముద్దై, గొంతు పగిలి వస్తుంది. తాతగారి 78 ఆర్‌పీఎం రికార్డులు చాలావరకు ఆర్‌ఐఏఏ కంటే ముందువి, వాటి వెడల్పు గాడికి 3 మిల్ సూది కావాలి. ఎల్పీ సూదితోనే వాయించి, ఆ గరగరకి ప్రీ ఆంప్‌ను తిట్టండి.

హమ్ సంగతి. ప్లేయర్, ప్రీ ఆంప్, కంప్యూటర్ మూడింటినీ మూడు గోడల ప్లగ్గుల్లో పెట్టి ఎర్త్ లూప్ తయారుచేసుకోండి. "ఎర్త్ పిన్ను విరిచెయ్, గుర్రుమనడం ఆగిపోతుంది" అని ఎవడో ఒకడు అంటాడు. నిజమే, ఆగిపోతుంది. లోపల 400 వోల్టులు తిరిగే లోహపు చాసిస్, ఇన్సులేషన్ చెడిన రోజున ఎర్త్ దొరక్క మీ చేతిని వాడుకుంటుంది. హమ్‌తో పాటు వినేవాడూ ఆగిపోతాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత దీని ముందు చాలా మెత్తన. అన్నిటినీ ఒకే బోర్డులో పెట్టి చూద్దాం, తగ్గకపోతే సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేద్దాం అనే పిరికివాళ్లతో స్నేహం వద్దు.

ఇన్ని చేశాక కూడా వినబుద్ధవుతుంటే ప్రీ ఆంప్‌లో వాల్వులు మార్చడం మొదలుపెట్టండి. ప్రీ ఆంప్ ధరకి రెట్టింపు పెట్టి, గాజు అడుగున వజ్రం గుర్తున్న టెలిఫంకెన్ 12ఏఎక్స్7 జత తెప్పించండి. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ చేసిన ఈసీసీ83 కూడా అదే వాల్వు, పాత రేడియో మెకానిక్‌ల డబ్బాల్లో దొరికితే దొరకవచ్చు. పక్క రాష్ట్రం సరుకు కాబట్టి బాగుండదని వినకముందే తీర్మానించండి.

ఇక ఆన్ చేసే వరస. ముందు పవర్ ఆంప్. అది బాగా వేడెక్కాక ప్రీ ఆంప్ స్విచ్చు వేయండి. అది లేస్తూ కొట్టే 'ధబ్' దెబ్బకి ఊఫర్ కోన్ ముందుకు దూకి వెనక్కి రావడం చూడముచ్చటగా ఉంటుంది. కట్టేటప్పుడు ప్రీ ఆంప్‌నే ముందు కడితే ఇంకోసారి చూడవచ్చు. స్పీకర్ల మీద మమకారం ఉన్నవాళ్లు వాటి వైర్లు పీకేసి, పాట నడుస్తుండగా నాబ్ పూర్తిగా తిప్పి ప్రీ ఆంప్‌ను పరీక్షించుకోవచ్చు. స్పీకర్లకి ఏమీ కాదు. కాకపోతే లోడు లేకుండా సిగ్నల్ మింగిన వాల్వు ఆంప్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ ఎగదన్ని, చుట్ల మధ్య ఇన్సులేషన్‌ను చీల్చేయవచ్చు. ఆంప్‌లోని ఖరీదైన భాగాల్లో అదొకటి, దాని పాట కూడా చాలావరకు ఆ చుట్టలోనే ఉంటుంది. అది పోయిందంటే ఏ ప్రీ ఆంప్ కొనాలన్న ప్రశ్న మీ ఇంట్లో మళ్లీ తలెత్తదు.