హుషారు పటేలు

ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఒక హుషారు పటేలు ఉంటాడు. ఆయన్ను మోసం చేయడం ఎవరి తరమూ కాదు. ఈ మాట ఊరు అనదు, ఆయనే అంటాడు.

పసుపు సంగతిలో మాత్రం అది నిజమే. తొమ్మిది నెలలు నేలలో ఉన్న పంటను తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి నిజామాబాద్ గంజ్‌కు తోలుకొచ్చిన రోజు ఆయన్ను చూడాలి. పసుపు కొమ్మును రెండు వేళ్ల మధ్య పట్టి విరుస్తాడు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా వంగితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. విరిగిన చోట రంగు చూసి, వాసన చూసి, పక్క రైతు కుప్పను కూడా అడక్కుండానే విరిచి చూస్తాడు. కాంటా దగ్గర ఎవడి కాలైనా ఆనిందేమోనని వంగి చూస్తాడు. తరుగు కింద రెండు కిలోలు ఎక్కువ తీస్తే అడ్తిదారు తాతముత్తాతల లావాదేవీలన్నీ బయటికొస్తాయి. మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు బరిలోకి దిగి, నిజామాబాద్ అభ్యర్థుల సంఖ్యను 185కు చేర్చి, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్పించిన గడ్డ ఇది. ఇక్కడి మనిషికి నిలదీయడం ఎవరూ నేర్పక్కర్లేదు.

అదే పటేలు ముందు బీమా ఫారం పెట్టండి.

"యాడ సంతకం?" అంటాడు.

పసుపు పైసలు ఖాతాలో పడ్డ సాయంత్రమే ఏజెంటు గడప తొక్కుతాడు. ఆ కబురు అంత తొందరగా ఆయనకెట్లా అందుతుందో పోలీసులు కూడా చెప్పలేరు. చాయ్ వస్తుంది. వానల గురించి, గల్ఫ్‌లో ఉన్న కొడుకు గురించి కాసేపు మాటలు నడుస్తాయి.

"కాకా, ఒక్కసారి రెండు లక్షలు కట్టు. ఐదేండ్లకు డబల్. పైనుంచి 20 లక్షల బీమా."

రెండు లక్షలు ఐదేళ్లలో నాలుగు లక్షలు ఎట్లా అవుతాయని పటేలు అడగడు. ఏ కంపెనీ అని అడగడు. ఆయన అడిగేది ఒకటే ప్రశ్న.

"నాకేమన్న ఇడుస్తవా?"

"నా కమీషన్ల పది వేలు నీకే కాకా."

పటేలు మొహం వెలిగిపోతుంది. బేరంలో గెలిచాడు కదా! బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అట్లా కమీషన్‌లో వాటా ఇవ్వడమూ తప్పే, పుచ్చుకోవడమూ తప్పే. జరిమానా 10 లక్షల దాకా ఉండవచ్చు. ఈ సంగతి పటేలుకు తెలియదు. తెలిసినా ఆ పది వేలు వదులుకుంటాడని గ్యారంటీ లేదు.

పోతూ పోతూ ఏజెంటు అసలు మంత్రం చెవిలో ఊదుతాడు. "కంపెనీ నుంచి ఫోనొస్తది కాకా. ఏమడిగినా అవునను. లేకుంటే పని ఆగిపోతది."

పాలసీ ఇచ్చే ముందు కొనేవాడికి షరతులు అర్థమయ్యాయో లేదో కంపెనీ ఫోన్ చేసి కనుక్కుంటుంది. ఆ మాటలు రికార్డవుతాయి. రేపు తగాదా వస్తే ముందు బయటికి తీసేది ఆ రికార్డునే. అవతల అమ్మాయి మర్యాదగా అడుగుతుంది. పన్నెండేళ్ల పాటు ఏటా రెండు లక్షలు కట్టాలని తెలుసా అండీ? అవు. మీకు బీపీ, షుగర్ లేవు కదండీ? అవు. పొగాకు నమలరు కదండీ? ఈ ప్రశ్న దగ్గర పటేలు నోట్లో తంబాకు ఉంది. దాన్ని బుగ్గకు నెట్టి, గొంతు సవరించుకుని, "అవు" అంటాడు.

ఇంతటితో పని అయిపోయిందని పటేలు అనుకుంటాడు. అంతలో ఇంకో ఫోన్. ఈసారి అవతలివాడు హిందీలో గంభీరంగా, తాను ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నానంటాడు. పటేలు ఎప్పుడో కట్టడం మానేసిన పాత పాలసీ మీద బోనస్ లక్షల్లో పేరుకుందట. ఏజెంటుకు పోయే కమీషన్ కూడా ఇక పటేలుకేనట. జీఎస్టీ కింద 18 వేలు పంపితే చాలు. వాడికి పాలసీ నంబరు తెలుసు, పుట్టిన తేదీ తెలుసు. ఇన్ని తెలిసినవాడు సర్కారోడు కాక ఇంకెవరు? ఐఆర్‌డీఏఐ ఆఫీసు హైదరాబాద్ నానక్‌రాంగూడలో ఉంది. అది బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ. పాలసీలు అమ్మదు, బోనస్‌లు ప్రకటించదు, మన డబ్బును ఎక్కడా పెట్టుబడి పెట్టదు. ఈ మాట అదే సంస్థ ఏళ్ల తరబడి ప్రకటనలు వేసి చెప్తోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీయే లేదు. లేని పన్ను పేరు చెప్పి డబ్బడిగేవాడు ఎవడో వేరే చెప్పాలా? బ్యాంకులు, బీమా సంస్థల ఫోన్ల కోసం కేంద్ర టెలికాం శాఖ 1600తో మొదలయ్యే నంబర్ల వరుసను కేటాయించింది కూడా. పటేలుకు వచ్చింది మామూలు పది అంకెల సెల్ నంబరు.

అదృష్టం బాగుండి ఆ రోజు ఫోన్‌పేలో అంత మొత్తం పోలేదు. పోయుంటే చేయాల్సిన పని ఒక్కటే, ఆ క్షణమే 1930కి ఫోన్ కొట్టడం. పటేలు లాంటివాళ్లు ఆ పని చేయరు. పరువు పోతుందని రెండు రోజులు ఎవరికీ చెప్పరు. దొంగకు కావలసిందీ ఆ రెండు రోజులే.

ట్రాక్టర్ సంగతి ఇంకో కథ. రోడ్డు పక్క గొడుగు కింద ల్యాప్‌టాప్ పెట్టుకున్న కుర్రాడు సగం ధరకు ఇన్సూరెన్స్ కాగితం చేతిలో పెడతాడు. స్కూటర్‌కు అసలైన పాలసీ తీసి, కంప్యూటర్‌లో బండి పేరు మార్చి, లారీకో కారుకో అంటగట్టిన ముఠాలు దేశంలో చాలాచోట్ల దొరికాయి. మోటార్ పాలసీ మీద ఉండే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే, లేదా ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే నిమిషంలో గుట్టు తేలుతుంది. పటేలు ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి టూల్‌బాక్సులో పెట్టాడు. పోలీసు ఆపితే చూపించడానికి అది చాలునని ఆయన నమ్మకం. బండి ఎవరినైనా గుద్దితే పరిహారం యజమాని జేబులోంచే కట్టాలి. అప్పుడు లామినేషన్ ఎంత మెరిసినా పనికిరాదు.

అయితే పక్కవాడి మోసాల సంగతి వస్తే పటేలుకు తెలియనిది లేదు. చాయ్ హోటల్లో పేపర్ తెరిచి అందరికీ విడమరిచి చెప్తాడు. 2023 జనవరిలో మెదక్ జిల్లా టేక్మాల్ మండలంలో కాలిన కారు కథ చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు. ఏడు కోట్లకు పైగా ఉన్న పాలసీల కోసం ఒక సచివాలయ ఉద్యోగి ఇంకొకరిని చంపి, చచ్చింది తానేనని నమ్మించబోయాడన్న కేసు అది. కొందుర్గు కథకు వచ్చేసరికి మాత్రం గొంతు పెంచుతాడు. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమాలో 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. ప్రీమియం సర్కారు ఎల్‌ఐసీకి కడుతుంది. రంగారెడ్డి జిల్లా కొందుర్గులో ఒక వ్యవసాయ విస్తరణాధికారి, బతికున్న ఇరవై మంది రైతులు చనిపోయినట్టు దొంగ పత్రాలు పుట్టించి కోటి రూపాయలు దారి మళ్లించాడని సైబరాబాద్ పోలీసులు 2024 ఫిబ్రవరిలో అరెస్టు చేశారు. ఆ వార్త చదివిన మర్నాడు పటేలు మండల వ్యవసాయ ఆఫీసుకు పోయాడు.

"సారూ, మీ కంప్యూటర్ల నేను బతికే ఉన్ననా?"

నవ్వుకోవడానికి బాగున్నా, ఆయన వేసిన ప్రశ్నలన్నింటిలో తెలివైనది ఇదే. తన పేరు, నామినీ పేరు, ఆధార్ సరిగా ఎక్కాయో లేదో ఆ పూటే చూసుకుని వచ్చాడు.

ఇక ఇంటికి రెండు లక్షల పాలసీ బాండు పోస్టులో వచ్చింది. పటేలు దాన్ని కళ్లకద్దుకుని, కవర్ చింపకుండానే పట్టా పాసుబుక్కు పక్కన బీరువాలో పెట్టి తాళం వేశాడు. విలువైన కాగితాన్ని చదవడం కన్నా దాచడమే ఆయనకు అలవాటు. కొడుకు మస్కట్ నుంచి ఇమోలో ఏదో కాగితం ఫొటో పంపమంటే, కోడలు బీరువా తెరిచి ఆ కవర్ కూడా చింపింది. వెనకాల జత చేసిన దరఖాస్తు నకలు చదువుతూ నవ్వు ఆపుకోలేకపోయింది.

"మామా, మీరు డిగ్రీ ఎప్పుడు చదివిండ్రు?"

"ఏం డిగ్రీ?"

"ఇండ్ల బీకాం అని ఉన్నది. వ్యాపారమట, ఏడాదికి 14 లక్షల ఆదాయమట. షుగర్ లేదట. తంబాకు ముట్టరట. పన్నెండేండ్లు కట్టాలట."

పటేలు తంబాకు ఉమ్మేసి వచ్చి కూర్చున్నాడు. షుగర్ దాచిపెట్టి తీసుకున్న జీవిత బీమాను మొదటి మూడేళ్లలో కంపెనీ తిరగదోడి క్లెయిమ్ కాదనవచ్చు. బీమా చట్టం 45వ సెక్షన్ ఆ హక్కు కంపెనీకి ఇచ్చింది. మూడేళ్లు దాటాక ఏ కారణంతోనూ తిరగదోడే వీల్లేదు. అంటే ఆ గడువులోపు పటేలుకు ఏమైనా అయితే, ఫారంలో ఆయన అబద్ధం రాయకపోయినా ఆయన సంతకం రాసినట్టే లెక్క.

బాండు చేతికందిన 30 రోజుల్లోపు కారణం రాసి వద్దని తిప్పి పంపొచ్చు. 2024 దాకా మామూలుగా అది 15 రోజులే ఉండేది. నెల నిండడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఏజెంటు ఫోన్ ఎత్తి, "అట్ల వాపసు కాదు కాకా, రెండో కిస్తు కట్టినంక చూద్దాం" అన్నాడు. పటేలుకు ఎమ్మెల్యే దగ్గర పైరవీ చేయించాలనిపించింది. కోడలు అదేమీ వినకుండా కంపెనీకే నేరుగా మెయిల్ పెట్టి, నకలు దాచింది. కంపెనీ పలకకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా, 155255. అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 50 లక్షల దాకా తగాదాలు వింటాడు, ఫీజు లేదు, వకీలును రానివ్వరు. వకీలు లేని పంచాయితీ అనేసరికి పటేలుకు కొంచెం నిరాశ కలిగింది.

అంతదూరం పోవాల్సిన పని పడలేదు. డబ్బు తిరిగొచ్చింది. స్టాంపు ఖర్చు వెయ్యికి 20 పైసల లెక్కన 400, అన్ని రోజులు బీమా నడిచినందుకు ఇంకొంత కోత పెట్టారు. రెండు లక్షలకు చదవకుండా సంతకం పెట్టిన పటేలు ఆ 400 గురించి కస్టమర్ కేర్‌తో గంటసేపు కొట్లాడాడు.

మరుసటి వారం ఏజెంటు వచ్చాడు. ఈసారి చాయ్ రాలేదు. పాలసీ రద్దయిందని కంపెనీ ఆయన కమీషన్ వెనక్కి తీసుకుందట.

"కాకా, నేనిచ్చిన పది వేలు..."

"ఏ పది వేలు?" పటేలు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "కాయితం సూపెట్టు. నా సంతకం యాడుందో చదివి మరీ చెప్పు."