లారీ చమురు పద్యానికి టీకా తాత్పర్యం

డీజిల్ లారీ ఇంజనులో పుట్టిన వేడి బయటి గాలిలో కలిసేలోపు మూడు చేతులు మారుతుంది. టీకకు మూలం ఉండాలన్న మర్యాద కోసం ఆ సంగతికి ఇక్కడ ఒక ఆటవెలది కూర్చుకోవలసి వచ్చింది.

లోహ మొలుకు వేడి లోలోనఁ జమురునఁ
జేరుఁ, జమురు వేడి చేరు నీట,
నీటి వేడి యంత నిలువక గాలిలోఁ
గలియు, నెచట నాఁగఁ గాలు బండి.

టీక: లోహము = పిస్టను, సిలిండరు గోడ, క్రాంకు బేరింగు, టర్బో ఇరుసు; ఒలుకు = పొర్లించు; వేడి = డీజిల్ మంటలో చక్రాలు తిప్పడానికి పనికిరాక మిగిలినది; లోలోనన్ = చాంబర్ (ఇంజను అడుగునున్న నూనె తొట్టి) నుంచి పైకెక్కే సన్న దారులలో; చమురునన్ = ఇంజన్ ఆయిలునందు; నీటన్ = కూలెంటునందు; గాలిలోన్ = రేడియేటరు రెక్కల నడుమ దూరిపోయే గాలియందు; ఎచటన్ = ఈ మజిలీలలో ఏ చోటనైనా; ఆఁగన్ = ఆగగా; బండి = లోడెత్తిన లారీ; కాలును = కాలిపోవును. ఖాళీ బండికి నాలుగో పాదం అంతగా వర్తించదు.

తాత్పర్యం: పిస్టను తల 300 డిగ్రీల దాకా కాగుతుంది. దాని అడుగు భాగాన చిన్న జెట్లు నూనె చిమ్ముతూ ఉంటాయి. బేరింగుల మధ్య జారే నూనె రాపిడి వేడిని కూడా మోసుకొని చాంబర్‌లోకి దిగుతుంది. పంపు దాన్ని ఆయిల్ కూలర్‌లోకి తోస్తుంది. కూలర్ అంటే ఇంజను పక్కనే బిగించిన పలుచని పలకల దొంతర. ఒక సందులో నూనె, పక్క సందులో నీళ్లు. ఒకదాన్నొకటి ముట్టుకోకుండానే వేడి ఇచ్చిపుచ్చుకుంటాయి. అక్కడి నుంచి నూనె ఫిల్టరు దాటి మళ్లీ పనికి, నీళ్లు రేడియేటరుకు.

నూనె 100 డిగ్రీల చుట్టుపక్కల, నీళ్లు 90 చుట్టుపక్కల ఉంటాయి. నడుమ తేడా పదో పదిహేనో డిగ్రీలే. అంత చిన్న తేడాతో అంత వేడి దాటాలంటే తాకే వైశాల్యం చాలా ఉండాలి, అందుకే అన్ని పలకలు. ఇంకో సంగతి: ఈ కూలర్‌లో నూనె ఎప్పటికీ నీళ్లకన్నా చల్లబడలేదు. నీళ్ల వైపు ఏ లోపం వచ్చినా కాసేపటికి నూనె మీటర్లో కనిపిస్తుంది.

గాలి దగ్గర లెక్క మరీ కఠినం. చలికాలం తెల్లవారుజామున గాలి 20 డిగ్రీలుంటే, 90 డిగ్రీల నీళ్లకూ దానికీ తేడా 70. మే నెలలో గాలి 43కు చేరిన మధ్యాహ్నం తేడా 47. రేడియేటరు అదే, ఫ్యాను అదే. మోయగల వేడి మాత్రం మూడో వంతు తగ్గింది. లోడు తగ్గదు.

బండి అన్న మాటకు జనగామ జిల్లా చిల్పూర్ దగ్గర అర్థం వెతకనక్కరలేదు. పక్కనే స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా 163వ నంబరు జాతీయ రహదారి జనగామ, వరంగల్, ములుగు దాటుకుంటూ హైదరాబాదు వైపు నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం వరకు పోతుంది. గోదావరి ఇసుక, గ్రానైట్ బండలు, భూపాలపల్లి సింగరేణి గనుల బొగ్గు ఈ జిల్లాల లారీలు ఎత్తే బరువులు. కాకతీయ థర్మల్ కేంద్రమున్న చెల్పూరు భూపాలపల్లి జిల్లాలోది, చిల్పూర్ జనగామ జిల్లాలోది. లోడు బుకింగులో ఒకదానికి ఇంకోటి రాసుకుంటే ఈ పాఠభేదం డీజిల్ ఖర్చుతో తేలుతుంది. కుబేరుడి అప్పు బుగులుతో వేంకటేశ్వరస్వామి చిల్పూర్ గుట్టకు చేరాడని స్థలపురాణం. ఫైనాన్స్ కిస్తీలున్న లారీ ఓనరుకు ఆ బుగులు వివరించనక్కరలేదు.

పూర్వపక్షం: నూనె ఎంత చల్లగా ఉంటే అంత మంచిది కదా, పెద్ద కూలర్ పెట్టి 60 డిగ్రీలకు దించరాదా? కూడదు. లారీల్లో మామూలుగా పోసే 15డబ్ల్యూ-40 నూనె 40 డిగ్రీల దగ్గర ఎంత చిక్కనో, 100 దగ్గర అందులో ఏడో వంతు. చిక్కటి నూనె సన్న దారుల్లో సాగదు, పంపుకు బరువు. పైగా మంటలో పుట్టి చాంబర్‌లోకి జారిన ఆవిరి చెమ్మ ఎగిరిపోవాలంటే నూనె బాగా కాగాలి. అందుకే నీళ్ల దారిలో థర్మోస్టాట్ 80 దాటేదాకా రేడియేటరు తలుపు తెరవదు, నూనె దారిలో బైపాస్ వాల్వు ఉంటుంది. కూలర్ మూసుకుపోయినా ఆ వాల్వు తెరుచుకుంటుంది: బేరింగుకు వేడి నూనె అందడం, అసలు అందకపోవడం కన్నా నయం.

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే వ్యాఖ్యాత మల్లినాథసూరి మూలంలో లేని సంగతి జోలికి పోడు. ఈ టీక ఆ కట్టుబాటును ఇక్కడే దాటాలి, పద్యంలో గేరుబాక్సు ఊసే లేదు గనక. అధ్యాహారం చేసుకోవాలి. క్లచ్ తొక్కి గేరు మార్చే లారీల్లో చాలావాటికి గేరుబాక్సు కూలర్ ఉండదు. పళ్ల చక్రాలు నూనెలో మునిగి తేలుతూ చిమ్ముకుంటాయి, పెట్టె గోడకు తగిలే గాలే చాలు. క్లచ్ తొక్కే పని తప్పించిన కొత్త ఏఎంటీ లారీలు కూడా లోపల ఇదే జాతి.

ఓపెన్‌కాస్ట్ గనుల పెద్ద డంపర్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి ఇంజనుకూ గేర్లకూ మధ్య క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఒక చక్రం నూనెను విసిరితే ఆ నూనె తాకిడికి ఇంకో చక్రం తిరుగుతుంది. ఒకటి గిర్రున తిరుగుతూ రెండోది కదలకపోతే ఇంజను శక్తి అంతా నూనెలో వేడిగానే మిగులుతుంది. గని వాలు మీద లోడుతో కదలబోయే క్షణం అదే. కనుక ఆ నూనెను గొట్టాల్లో బయటికి తెచ్చి కూలర్ గుండా తిప్పుతారు. కొన్ని బండ్లలో ఆ కూలర్ రేడియేటరు నీళ్లు చల్లబడి చేరే తొట్టిలోనే ఉంటుంది. కొన్నిట్లో రేడియేటరు ముందు గాలికి నిలుస్తుంది, అక్కడ “చేరు నీట” బదులు “చేరు గాలి” అని పాఠాంతరం. ఈ ట్రాన్స్‌మిషన్ నూనె కాగినకొద్దీ వేగంగా పాడవుతుంది. మోటు లెక్కన ప్రతి పది డిగ్రీల పెరుగుదలకూ ఆయుష్షు సగం.

“ఎచట నాఁగ” అన్నచోట మూడర్థాలు తీయవచ్చు. వేడి ఆగడం మొదటిది: వడ్ల పొట్టు, పత్తి నూగు, ఇసుక దుమ్ము రేడియేటరు రెక్కల్లో పేరుకుంటే గాలి దూరదు. బండి ఆగడం రెండోది: మేడారం జాతర రోజుల్లో ములుగు దారిలో పాకే లారీకి ఎదురుగాలి ఉండదు, ఫ్యానే దిక్కు. గేరు తగ్గించి ఇంజను చుట్లు పెంచితే ఫ్యానూ నీళ్ల పంపూ రెండూ వేగం అందుకుంటాయి. ఇంజను ఆపేయడం మూడోది, డ్రైవర్లు తేలిగ్గా తీసుకునేది: ఎక్కుడు ఎక్కి వచ్చిన వెంటనే తాళం తిప్పితే టర్బో ఇరుసు దగ్గర నూనె కదలిక ఆగి అక్కడే మాడి బొగ్గు కడుతుంది. రెండు మూడు నిమిషాలు ఐడిలింగులో ఉంచాలి.

ఇక సాంకర్య దోషం. కూలర్ పలకకు చిల్లి పడితే నడుస్తున్నంతసేపూ నూనె ఒత్తిడే ఎక్కువ, కనుక నూనె నీళ్లలోకి పోతుంది. రేడియేటరు మూత తీస్తే జిడ్డు తేలుతుంది. ఇంజను ఆపాక నూనె ఒత్తిడి పడిపోతుంది, కాగిన నీళ్ల ఒత్తిడి ఇంకా ఉంటుంది, ఇప్పుడు నీళ్లు చాంబర్‌లోకి వస్తాయి. గేజీ పుల్ల మీద నూనె పాల కాఫీ రంగులో కనిపిస్తే హెడ్ ప్యాకింగు విప్పేముందు కూలర్‌కు గాలి ఒత్తిడి పెట్టి చూడడం చవక. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ గేరుబాక్సులోకి నీళ్లు చేరితే ఇంత సావకాశం ఉండదు: ఎర్ర నూనె గులాబీ రంగుకు తిరుగుతుంది, క్లచ్ పళ్లేల మీది కాగితపు పూత తడిసి ఊడుతుంది, కొత్త నూనె పోసినంత మాత్రాన ఆ పూత తిరిగి అంటదు.