కంపెనీకి కాలర్ ఉండదు

మొన్న మా చికిటి బజార్లో ఒక కాలర్ చిరిగింది. మనిషి మా వీధివాడే, డిపాజిట్ల కంపెనీ ఏజెంటు. నాలుగేళ్లు రెగ్జిన్ సంచి చంకన పెట్టుకుని, లక్ష్మీదేవి బొమ్మున్న పాసుబుక్కులు పంచుతూ గడపగడపా వసూలు చేశాడు. పట్టుకున్న ప్రతివాడికీ ఒకటే జవాబు: "నానేటి సేసేది మావా? కంపెనీ సేసింది!"

కంపెనీ ఎక్కడుందయ్యా అంటే, బరంపురంలో తాళం వేసిన గది చూపించారు. తాళం మాత్రం మంచిదే, కొత్తది.

చట్టం లెక్కలో కంపెనీ కూడా మనిషే. భూములు కొంటుంది, అప్పులు చేస్తుంది, కోర్టుకెక్కుతుంది. జైలుకే వెళ్లలేదు, పాపం, కాళ్లు లేవు.

మాకు కంపెనీలు కొత్తా ఏమిటి? 1765 ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ పాలయ్యాక, గంజాం జమీందార్లు పేష్కష్ అనే కప్పం కట్టింది ఒక కంపెనీకే. ఆ జమీందారీల్లో మా చికిటీ ఉంది. ఆ కంపెనీ తరఫున కలకత్తాలో కూర్చుని ఏలిన వారన్ హేస్టింగ్స్‌ను లండన్‌లో 1788 నుంచి 1795 దాకా విచారించి, చివరికి నిర్దోషి అన్నారు. ఆ పైన కంపెనీ ఆయనకు ఏడాదికి 4,000 పౌండ్లు ఇచ్చుకుంది. మా ఏజెంటుకు పాత కమీషన్ బాకీయే ఇంకా రాలేదు.

ఇంకో కంపెనీ వదిలిన భోపాల్ గ్యాస్ 1984 నాటిది, తీర్పు 2010 నాటిది. బతికున్న ఏడుగురు దోషులకు రెండేళ్లు వేశారు, ఆ రోజే బెయిలూ ఇచ్చారు. ఒడిశాలో డిపాజిట్లు మింగిన 44 కంపెనీల మీద దర్యాప్తును సుప్రీంకోర్టు 2014 మేలో సీబీఐకి అప్పగించింది. 44! అన్ని కంపెనీలూ వాటంతటవే పుట్టి, వాటంతటవే సంతకాలు పెట్టుకున్నాయనే నమ్మాలి కాబోలు. పైనున్న డైరెక్టరు ఆ ఫైలు తన దాకా రాలేదంటాడు. కిందున్న మేనేజరు పైనుంచి ఆర్డరొచ్చిందంటాడు. నడుమ ఫైలు ఒక్కటే నేరం చేసినట్టుంది.

కాబట్టి కాలరున్న ఏజెంటు దొరికాడు. అలాగని వాడు అమాయకుడా? వందకు ఐదు రూపాయలు కమీషన్ తిన్నాడు, మోటారుసైకిల్ కొన్నాడు. బ్యాంకు ఇవ్వని వడ్డీ కంపెనీ ఎక్కణ్నుంచి తెస్తుందని ఒక్కనాడైనా అడిగాడా?

నేనూ అడగలేదనుకోండి. కొత్త ఖాతాదారుణ్ని చేర్పించినందుకు నాకు స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. మూడు గిన్నెలది, మూత బిగుతుగా పడుతుంది.

ఆ కొత్త ఖాతాదారు మా బావమరిది. నిన్న సాయంత్రం పాసుబుక్కు పట్టుకుని ఇచ్ఛాపురం నుంచి దిగాడు. చెప్పులు కూడా విప్పకుండా, "బావా, నువ్వు చెబితేనే కదా కట్టాను" అన్నాడు.

"నేనేటి చేసేదిరా, ఏజెంటు చెప్పాడు" అన్నాను, చొక్కా పై గుండీ పెట్టుకుంటూ.