వెండిరంగు మ్యాచింగు

వెండిరంగు కారు కొన్నవాడు తెల్లకారువాణ్ణి చూసి ఏదో ఒకనాడు కుళ్ళుకోక తప్పదు. ఉత్త తెలుపు మీద గీత పడితే ఆ తెలుపే తెచ్చి కొడితే సగం గండం గట్టెక్కినట్టే. (ముత్యపు మెరుపు తెలుపు సంగతి వేరు. దాని కష్టాలు దానికున్నాయి.) వెండిరంగులో అల్యూమినియం పలుకులుంటాయి. అవి ఏ వాటంగా పడుకుంటే ఆ వాటంగా మెరుస్తాయి. ఒకే డబ్బాలో రంగు తడితడిగా కొడితే ముదురుగానూ, పొడిపొడిగా కొడితే లేతగానూ తేలుతుంది. ఎదురుగా నిలబడితే అంతా కలిసిపోయినట్టే ఉంటుంది. రెండడుగులు పక్కకేస్తే గుట్టు బయటపడుతుంది.

ప్రహ్లాదుడికి స్తంభం దేవుణ్ణిచ్చింది. మా సెల్లారు స్తంభం మా డ్రైవరు డోరుకి జానెడు గీతనిచ్చింది. ఇన్సూరెన్సు ఉందిగా అంటారు. ఉంది. క్లెయిమ్ లేకుండా మొదటి ఏడాది గడిపితే 20 శాతం, వరసగా అయిదేళ్ళు నెట్టుకొస్తే 50 శాతం నో క్లెయిమ్ బోనస్సూ ఉంది. జానెడు గీత కోసం అంత తపఃఫలాన్ని ధారపోయడానికి మధ్యతరగతి మనసు ఒప్పుకోదు. టింకరింగ్ షాపుకెళ్తే మేస్త్రి గీతవైపు చూడనైనా చూడకుండా "డోరంతా కొట్టాలి సార్" అన్నాడు. గీత జానెడైతే డోరంతా ఎందుకయ్యా అంటే నవ్వాడు. ఆ నవ్వుకి అర్థం తెలుసుకోవాలనే ఇంట్లో పని మొదలుపెట్టాను.

ముందు రంగు. డోరు తెరిస్తే పక్కన స్టిక్కరు మీద కోడుంటుందనీ, ఆ కోడు చెబితే దుకాణంవాడు కలిపిస్తాడనీ అందరూ చెబుతారు. కోడు కంపెనీ నుంచి బయటికొచ్చిననాటి కారుది. ఆ తర్వాత మన ఎండలు దానికి చేసిన సన్మానం అందులో ఉండదు. అందుకే మా ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్ళాను. చీరకి జాకెట్టు గుడ్డ ఏరడంలో మ్యాచింగ్ సెంటర్లవాళ్ళే ఆవిడకి దడుస్తారు. దుకాణంవాడు నమూనా రేకు మీద కొట్టి చూపించి "సరిగ్గా సరిపోయిందమ్మా" అన్నాడు. "ట్యూబులైటు కింద అన్నీ సరిపోతాయి బాబూ, ఎండలోకి తీసుకురా" అందావిడ. ఎండలో చూసి, తల వాల్చి చూసి, "పిసరు ముదురు" అని తీర్పు చెప్పింది. వాడు మారుమాట్లాడకుండా మళ్ళీ కలిపాడు. పెయింటు శాస్త్రంలో ఇంతకుమించిన పరీక్ష నాకు కనబడలేదు.

ఇక అసలు కథ. గోరు పెట్టి గీరితే గోరు తట్టుకుంది, అంటే గీత పై పొర దాటి లోపలికి దిగిందన్నమాట. పైన మెరిసే క్లియర్ కోటు మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. నా తల మీద మిగిలిన వెంట్రుకల్లో అంత పల్చటివి తక్కువ. ఆ గీత గట్లు నునుపు చెయ్యడానికి వాటర్ పేపరుతో రుద్దితే జానెడు గీత చుట్టూ బెత్తెడు మచ్చ. ఆ మచ్చ మీద పుట్టీ, పుట్టీని కప్పడానికి అంతకు రెండింతలు ప్రైమరు. రంగు ఒక్కచోట ఆగితే అక్కడ గీటు కనిపిస్తుంది కాబట్టి, ఒక్కో కోటూ కిందటిదానికంటే కాస్త దూరం జరుపుకుంటూ, చివర్లో పొగమంచులా పల్చన చేసుకుంటూ సగం డోరు. క్లియరు అయితే మధ్యలో ఎక్కడాపినా అంచు బయటపడుతుంది గనక డోరు ఈ కొస నుంచి ఆ కొసదాకా. మేస్త్రి నవ్వు ఇదీ!

హార్డనరు కలిపిన క్లియరులో ఐసోసయనేట్లుంటాయి, ఊపిరితిత్తులకు చేటు. గుడ్డ మాస్కు దానికి చాలదు. నేను కార్‌ట్రిడ్జి మాస్కు తగిలించుకుని ఆరుబయటికొస్తే మా వాచ్‌మన్ "కరోనా మళ్ళీ వచ్చిందా సార్?" అంటూ గేటు దాకా వెనక్కి నడిచాడు. పోయినవాడు పోగా దోమలు మాత్రం వచ్చాయి. తడి క్లియరుకి దోమని పిలవక్కర్లేదు. వాలింది వాలినట్టే ఉంచాలి. ఆరాక రుద్దితే పోతుంది, ఇప్పుడు తీయబోతే వేలిముద్ర కూడా తోడవుతుంది. వానాకాలంలో అయితే గాలిలో తేమకి కొన్నిరకాల పెయింట్లు పాలు పోసినట్టు తెల్లబారతాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో రేకు కాలుతుంటే పెయింటు పరుచుకునేలోపే ఆరిపోతుంది. మన వాతావరణంలో ఈ పనికి ముహూర్తం దొరకడం పెళ్ళి ముహూర్తం కన్నా కష్టం.

గట్టిపడ్డాక 2000 నంబరు వాటర్ పేపరు, తర్వాత 3000, సబ్బునీళ్ళు పోస్తూ. ఈ ఘట్టంలో ఇంట్లోవాళ్ళెవరినీ రానివ్వకూడదు. అంతదాకా అద్దంలా ఉన్న డోరు ఒక్కసారిగా బూడిద పూసుకుంటుంది. మా ఆవిడ వచ్చింది. "ఉన్న మెరుపూ పోగొట్టారా?" అంది. జవాబు చెప్పకుండా రుద్దుతూనే ఉన్నాను. తుడిచే గుడ్డకి తెల్లటి నురగ అంటినంతసేపూ క్లియరే పోతున్నట్టు, వెండి అంటిందంటే రంగులోకి దిగినట్టు. అంచుల దగ్గర పొర మరీ పల్చన, అందుకని అక్కడ ముందే టేపు వేసి పెట్టుకోవాలి. ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండు, ఆ పైన పాలిషు. బూడిదలోంచి మొదట మా సందు, తర్వాత కరెంటు స్తంభం, చివరికి మా ఆవిడ మొహం డోరులో తేలాయి. మొహం ప్రసన్నంగానే ఉంది.

"డోరు బాగుంది. కారే పాతగా కనబడుతోంది" అంది.

నిజమే. కొత్తగా మెరిసే డోరు పక్కన మిగతా ఒళ్ళంతా వెలిసిపోయింది. వెనక డోరు పాలిషు చేస్తే ఫెండరు ఏడ్చింది, ఫెండరుని ఊరడిస్తే బానెట్ అలిగింది. భుజాలు పడిపోయేదాకా చుట్టూ తిరిగి అన్నిటినీ సమానం చేశాను, ఒక్క టాపు తప్ప. అక్కడికి చెయ్యందదు, పైగా నేలమీద నడిచేవాళ్ళెవరికీ కనిపించదు కదా అని. అంతలో నాలుగో అంతస్తు బాల్కనీలోంచి రిటైరయిన లెక్కల మాస్టారు వంగి కేకేశారు: "ఏమోయ్, అంతసేపు రుద్దావు, ఒక్కచోటా మెరవలేదేం?"