డబ్బాలో పొడుగు

మా పక్కింటి గుమ్మం చెక్క నిండా పెన్సిల్ గీతలే. ప్రతి ఒకటో తారీఖున బుజ్జిగాణ్ని దానికి ఆనించి, నెత్తిమీద స్కేలు పెట్టి, వాళ్లమ్మ ఓ గీత గీస్తుంది. సాక్షిగా పక్కన, పాలల్లో కలిపే పొడి డబ్బా. కిందటి నెలదీ, అంతకుముందు నెలదీ రెండు గీతలూ ఒకదానిమీదొకటి పడ్డాయి.

"డబ్బా మార్చాలి అన్నయ్యగారూ" అందావిడ.

డబ్బా ముందు బొమ్మలో పిల్లాడు ఆకాశం అందుకుంటున్నాడు. వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో చక్కెర ఉంది. ముందువైపు ఎముకలకి, వెనకవైపు చీమలకి! 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలను ఆన్‌లైన్ అంగళ్లలో 'హెల్త్ డ్రింక్' వరస నుంచి తీసేయమంది. ఆహార భద్రత చట్టంలో ఆ మాటకి నిర్వచనమే లేదట. వరస పోయింది గానీ, పక్కింటి అలమారలో డబ్బా మాత్రం కదల్లేదు.

"పోనీ, రాగిజావ ఇవ్వకూడదూ?"

"అది షుగరున్న మావయ్యగారికండీ!"

తాతకి రాగులు, మనవడికి చక్కెర. ధర్మమైన పంపకమే. పదమూడేళ్ల పిల్లాడికి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వంద గ్రాముల రాగుల్లోనే 360 దాకా ఉంటుంది. పెద్దమనిషైన పిల్లకి నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెట్టిన అమ్మమ్మలకి కాల్షియమంటే తెలీదు. ఎముకకి ఏ వయసులో ఆకలేస్తుందో మాత్రం తెలుసు.

ఎముకల చివర మెత్తటి ఎదుగుదల పలకలుంటాయి. కౌమారం ముగిసేసరికి అవి మూసుకుపోతాయి. కడుపునిండా సరైన తిండి తినే పిల్లాడికి పొడుగు చాలావరకు అమ్మానాన్నల ఆస్తి. లోపలి గట్టిదనం మాత్రం తిండి, ఎండ, ఆట కలిసి కూడబెట్టేది. ఇరవై దాటాక ఆ ఖాతాలో జమ తక్కువ, పోనుపోను ఖర్చే.

మరి ఎండ? కాల్షియం ఒంటబట్టాలంటే డి విటమిన్ కావాలి, దాన్ని చర్మం ఎండలోనే చేసుకుంటుంది. బుజ్జిగాడు తెల్లారకముందే వ్యానెక్కి, చీకటిపడ్డాక దిగుతాడు. బడి ఓ అపార్ట్‌మెంట్‌లో, ఆటస్థలం లిఫ్టు ముందు. ఆదివారం బయటికెళ్తే "నల్లబడతావురా!" అని లోపలికి లాగుతారు.

నిన్న మళ్లీ ఒకటో తారీఖు. గీత కాస్త పైకి జరిగింది. కొత్త డబ్బా పనిచేసిందని ఆవిడ మురిసిపోయింది. వాడు మడమలెత్తి నిలబడ్డ సంగతి నేనూ చెప్పలేదు, వాడూ చెప్పలేదు.